ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవారికి డబ్బు, బ్యాంకు మాటలు ఏ క్రమంలో నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవారికి ఇంగ్లీషు నేర్పుతున్నారు. డబ్బు, బ్యాంకు, అప్పు, పొదుపు వంటి విషయాలకు చెందిన మాటల జాబితాను అర్థాలతో సహా ఇచ్చారు. వారు శ్రద్ధగా బట్టీ పట్టి అప్పజెప్పారు కూడా. అయినా మాట్లాడేటప్పుడు ‘బారో’ అనవలసిన చోట ‘లెండ్’ అంటున్నారు, బ్యాంకు ఉత్తరం చేతికిస్తే సగం కూడా అర్థం చేసుకోలేకపోతున్నారు. ఈ మాటలను ఏ క్రమంలో నేర్పాలి, ఎలా నేర్పాలి, వచ్చాయో లేదో ఎలా పరీక్షించాలి అన్నది మీరు అడిగినది.

క్లుప్తంగా చెప్పాలంటే, నామవాచకాల జాబితాను కొంతకాలం పక్కన పెట్టి, క్రియలతో మొదలుపెట్టండి. డబ్బు ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళుతోంది, అది తిరిగి రావలసినదా కాదా, వాక్యంలో కర్త ఎవరు అన్న మూడు సంగతులూ స్థిరపడితే ‘లోన్’, ‘డిపాజిట్’, ‘ఇన్‌స్టాల్‌మెంట్’ వంటి మాటలు వాటి చుట్టూ తేలికగా చేరతాయి. క్రియలు స్థిరపడకుండా నామవాచకాలు ఎన్ని నేర్పినా విద్యార్థి వాక్యం చేయలేడు. పెద్దల తరగతుల్లో ఏళ్ల తరబడి ఈ విషయాలే బోధించిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మొదట ‘బారో’, ‘లెండ్’ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన చిక్కులన్నిటికీ నమూనా ఇక్కడే ఉంది. తెలుగులో ‘అప్పు’ అనే ఒకే మాట రెండు వైపులా పనిచేస్తుంది. అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం, దిశను చెప్పే పని ‘ఇవ్వు’, ‘తీసుకొను’ అనే క్రియలు చేస్తాయి. జర్మన్ మాట్లాడేవారికి ఇంకా కష్టం, వారి ‘లైయెన్’ అనే క్రియ ఇవ్వడానికీ తీసుకోవడానికీ రెండింటికీ వాడతారు. ఇంగ్లీషులో మాత్రం దిశ క్రియలోనే ఇమిడిపోయి ఉంటుంది. కాబట్టి ‘బారో అంటే అప్పు తీసుకోవడం, లెండ్ అంటే అప్పు ఇవ్వడం’ అని పక్కపక్కనే రాసి ఇస్తే విద్యార్థి మనసులో మిగిలేది ‘అప్పు’ అన్న భాగం మాత్రమే, ఎవరు ఎవరికి అన్నది జారిపోతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. రెండు మాటలనూ ఒకే రోజు నేర్పను. మొదట ‘బారో’ను దాని విభక్తితో సహా ఒక ముక్కగా నేర్పుతాను: ‘బారో సంథింగ్ ఫ్రమ్ సంబడీ’. తెలుగులో మనం ‘ఆమె దగ్గర తీసుకున్నాను’ అంటాం కాబట్టి, ‘దగ్గర’ వచ్చిన చోట ‘ఫ్రమ్’ వస్తుందని చూపితే వారికి పట్టు దొరుకుతుంది. ఆ వాక్యాలు తడుముకోకుండా వచ్చాక, ఒకటి రెండు వారాల తరువాత ‘లెండ్ సంథింగ్ టు సంబడీ’ని తెస్తాను, ఇక్కడ తెలుగులోని ‘కి’, ‘కు’లకు ‘టు’ సరిపోతుంది. ఆ తరువాతే ‘షీ లెంట్ మీ సమ్ మనీ’ అని మనిషిని ముందుకు తెచ్చే నిర్మాణం చూపిస్తాను. ‘ఐ బారోడ్ హిమ్ సమ్ మనీ’ అనే తప్పు పుట్టేది సరిగ్గా ఇక్కడే, ‘లెండ్’కు ఉన్న వెసులుబాటును విద్యార్థి ‘బారో’కు కూడా అంటగట్టడం వల్ల. ‘బారో’ తరువాత మనిషి నేరుగా రాడు, ‘ఫ్రమ్’ లేకుండా అసలు రాడు అని గట్టిగా చెప్పండి.

మూడవదిగా ‘ఓ’ అనే క్రియను తప్పకుండా కలపండి. చాలా జాబితాల్లో ఇది ఉండదు, కానీ నిత్యజీవితంలో దీని అవసరం ‘డెట్’ కన్నా ఎక్కువ. దీనికి తెలుగులో చక్కటి సాటి ఉంది, ‘బాకీ ఉండడం’. ‘ఐ ఓ హర్ సమ్ మనీ’ అంటే ఆమెకు బాకీ ఉన్నాను. ఇది స్థితిని చెప్పే క్రియ కనుక మామూలుగా ‘ఐ యామ్ ఓయింగ్’ అనరు. తీసుకోవడం, బాకీ ఉండడం, తిరిగి చెల్లించడం అని మూడు దశలుగా ‘బారో, ఓ, పే బ్యాక్’ను ఒక చిన్న కథలా చెప్పించండి. అదే కథను ఇచ్చినవారి వైపు నుంచి ‘లెండ్’తో మొదలుపెట్టి మళ్లీ చెప్పించండి.

ఇక ‘పే’, ‘స్పెండ్’, ‘కాస్ట్’. నా అనుభవంలో మధ్యస్థాయి విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా తడబడేది ఇక్కడ, ఉపాధ్యాయులు అన్నిటికన్నా తక్కువ సమయం ఇచ్చేదీ ఇక్కడే. ‘పే’ తరువాత నాలుగు రకాల మాటలు రావచ్చు. మనిషి రావచ్చు: ‘పే ద డ్రైవర్’. మొత్తం రావచ్చు: ‘పే ఫిఫ్టీ’. చెల్లించవలసిన బకాయి రావచ్చు: ‘పే ద బిల్’, ‘పే ద రెంట్’, ‘పే ద ఫైన్’. కానీ కొనుక్కున్న వస్తువు వచ్చేటప్పుడు మాత్రం ‘ఫర్’ ఉండి తీరాలి: ‘పే ఫర్ ద టికెట్స్’. ‘ఐ పెయిడ్ ద బుక్’ అని విద్యార్థి అన్నప్పుడు వినేవారికి పుస్తకానికే జీతం ఇచ్చినట్టు వినిపిస్తుంది. ‘స్పెండ్’కు ఖర్చు చేసిన మొత్తం కర్మ, దేనిమీద ఖర్చు చేశామో అది ‘ఆన్’తో వస్తుంది: ‘షీ స్పెండ్స్ ఎ లాట్ ఆన్ బుక్స్’. తెలుగులోనూ పుస్తకాల మీద ఖర్చు పెడతాం కనుక ఇది తేలికగా ఎక్కాలి, అయినా చాలామంది ‘ఫర్’ అంటారు. ‘కాస్ట్’కు కర్త మనిషి కాదు, వస్తువు: ‘ద రిపేర్ కాస్ట్ మీ ఎ లాట్’. దాని భూతకాల రూపం కూడా ‘కాస్ట్’ అనే ఉంటుంది. వ్యాపార అంచనాలు వేసే అర్థంలో ‘కాస్టెడ్’ అనే రూపం ఉన్నప్పటికీ దాన్ని పై స్థాయి వరకూ తరగతిలోకి తీసుకురావద్దు.

ఈ క్రియలన్నీ నిజానికి ఒకే సంఘటనను వేర్వేరు కోణాల నుంచి చూపుతాయి. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్మోర్ 1970లలో అర్థవిచారం చేస్తూ సరిగ్గా ఈ ఉదాహరణనే ఎత్తుకున్నారు. కొనేవారు, అమ్మేవారు, సరుకు, సొమ్ము అనే నాలుగు పాత్రలున్న ఒకే వ్యాపార దృశ్యంలో ‘బై’ అనే క్రియ కొనేవారినీ సరుకునూ ముందుకు తెస్తుంది, ‘సెల్’ అమ్మేవారినీ సరుకునూ తెస్తుంది, ‘పే’ కొనేవారినీ సొమ్మునూ తెస్తుంది. ఆ ఆలోచనను తరగతి గదిలోకి తేవడం చాలా సులువు. వాడిన సైకిలు ఒకటి చేతులు మారిందనుకోండి. బల్ల మీద నాలుగు చీటీలు పెట్టి, వాటి మీద కొనేవారు, అమ్మేవారు, సైకిలు, సొమ్ము అని రాయండి. మీరు ఏ చీటీని ఎత్తి చూపితే దానిని కర్తగా చేసి విద్యార్థి వాక్యం చెప్పాలి. అమ్మేవారి చీటీ ఎత్తితే ‘సోల్డ్’ లేదా ‘చార్జ్‌డ్’ రావాలి, సైకిలు చీటీ ఎత్తితే ‘కాస్ట్’ రావాలి. దీన్ని ఒక తరగతితో వదిలేయకుండా, సైకిలుకు బదులు అద్దె ఇల్లు, మరమ్మతు, శిక్షణ రుసుము అని మారుస్తూ మళ్లీ మళ్లీ చేయించండి.

మీ జాబితా పద్ధతి ఎందుకు ఫలించలేదన్న దానికి పరిశోధనల ఆధారం కూడా కొంత ఉంది. ఒకే వర్గానికి చెందిన, ఒకదాని స్థానంలో ఇంకొకటి రాగల మాటలను కలిపి ఒకేసారి నేర్చుకోవడం, ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలను నేర్చుకోవడం కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుందని 1993లో థామస్ టింకమ్, 1997లో రాబ్ వేరింగ్ తమ ప్రయోగాలలో చూపించారు. టింకమ్ 1997లో చేసిన మరో ప్రయోగంలో, ఒకే సందర్భానికి లేదా దృశ్యానికి చెందిన వేర్వేరు రకాల మాటలు మాత్రం తేలికగా పట్టుబడ్డాయి. ఇవి ఎక్కువగా కల్పిత పదాలతో, చిన్న జాబితాలతో చేసిన ప్రయోగాలు కాబట్టి తరగతి గదికి యథాతథంగా వర్తిస్తాయని నేను వాదించను. కానీ నేను చూసిన దానికి ఇవి సరిగ్గా సరిపోతున్నాయి. ‘శాలరీ, వేజెస్, ఇన్‌కమ్, ఫీ, ఫేర్, ఫైన్, టోల్’ అని ఏడు మాటలు ఒకేసారి ఇస్తే ఏడూ కలగాపులగమవుతాయి. ‘బస్సెక్కాను, ఫేర్ ఇచ్చాను, నోటు ఇస్తే చేంజ్ ఇచ్చారు, రిసీట్ తీసుకున్నాను’ అనే దృశ్యంగా ఇస్తే నాలుగూ నిలుస్తాయి. ‘ఫైన్’ను ఇంకో వారం, ఇంకో దృశ్యంలో తీసుకురండి.

రెండవ పెద్ద చిక్కు, విద్యార్థికి వచ్చు అనుకున్న మాటలే. కొత్త మాట ఎదురైతే విద్యార్థి ఆగి అడుగుతాడు. తెలిసిన మాట కొత్త అర్థంతో వస్తే ఆగడు, తనకు తెలిసిన అర్థాన్నే వేసుకుని ముందుకు సాగిపోతాడు. ఆర్థిక ఇంగ్లీషు నిండా ఇలాంటి మాటలే. ‘ఇంట్రెస్ట్’ అంటే ఆసక్తి అని ముందే తెలుసు, ఇక్కడ వడ్డీ. ‘ప్రిన్సిపల్’ అంటే కళాశాల అధిపతి, ఇక్కడ అసలు. ‘ఫైన్’ అంటే బాగుంది, ఇక్కడ జరిమానా. ‘చార్జ్’ అంటే ఫోనుకు పెట్టేది, ఇక్కడ వసూలు చేసే రుసుము. ‘బాండ్’, ‘షేర్’, ‘సెక్యూరిటీ’, ‘స్టేట్‌మెంట్’, ‘మెచ్యూరిటీ’, ‘రిటర్న్’ అన్నీ ఈ కోవలోవే.

నా తరగతిలో ఒక మహిళ క్రెడిట్ కార్డు నెలవారీ పత్రాన్ని తెచ్చి, తన ఖాతాలో ఇంత సొమ్ము మిగిలి ఉంది కదా, దాన్ని బయటకు ఎలా తీసుకోవాలి అని అడిగారు. అందులో ఉన్నది ‘అవుట్‌స్టాండింగ్ బ్యాలెన్స్’ అన్న మాట. ‘బ్యాలెన్స్’ అంటే ఖాతాలో మిగిలిన సొమ్మని ఆమెకు తెలుసు, ‘అవుట్‌స్టాండింగ్’ అంటే చాలా గొప్పదని కూడా తెలుసు. రెండూ ఆమె సరిగ్గా నేర్చుకున్న అర్థాలే. కానీ కలిపితే వచ్చినది ఆమె ఇంకా తీర్చవలసిన బాకీ. ఆమె తెలివిలో లోపమేమీ లేదు. ఆ మాట పొదుపు ఖాతాలో ఒకలా, అప్పు ఖాతాలో మరొకలా పనిచేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ‘బ్యాలెన్స్’ను నేను ఎప్పుడూ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి నేర్పుతున్నాను, ఒకటి పొదుపు ఖాతాది, రెండోది అప్పుది. ప్రతి అంకె పక్కన ‘ఇది నాదా, నేను ఇవ్వవలసినదా’ అని రాయిస్తాను. ‘క్రెడిట్’, ‘డెబిట్’ కూడా ఇలాగే చూపండి. ‘యువర్ అకౌంట్ హాజ్ బీన్ క్రెడిటెడ్’ అంటే ఖాతాలోకి సొమ్ము వచ్చింది. అదే ‘బై ఆన్ క్రెడిట్’ అంటే అరువుకు కొనడం.

ఇలాంటి మాటలను విడదీయడానికి పొరుగు మాటలు బాగా ఉపయోగపడతాయి. ‘ఇంట్రెస్ట్ ఇన్ మ్యూజిక్’ అన్నప్పుడు ‘ఇన్’ వస్తుంది, ‘ఇంట్రెస్ట్ ఆన్ ఎ లోన్’ అన్నప్పుడు ‘ఆన్’ వస్తుంది. అప్పు మీద ‘పే ఇంట్రెస్ట్’, పొదుపు మీద ‘ఎర్న్ ఇంట్రెస్ట్’. అలాగే ‘టేక్ అవుట్ ఎ లోన్’, ‘ఓపెన్ ఎన్ అకౌంట్’, ‘మేక్ ఎ పేమెంట్’, ‘విత్‌డ్రా క్యాష్’ అనే జంటలను జంటలుగానే రాయించండి. పుస్తకంలో ఒంటరి మాట రాయనివ్వకూడదన్న నియమం నా తరగతిలో కచ్చితంగా ఉంటుంది. ‘ఎర్న్’కు ‘విన్’ వాడే తప్పు స్పానిష్, ఫ్రెంచ్ మాట్లాడేవారిలో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే వారి ‘గనార్’, ‘గాన్యే’ అనే క్రియలు సంపాదించడానికీ గెలవడానికీ రెండింటికీ చెల్లుతాయి. మీ తరగతిలో వేర్వేరు మాతృభాషలవారు ఉంటే ఎవరి తప్పు ఎక్కడి నుంచి వస్తోందో గమనించడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కొన్ని సందర్భాల్లో విద్యార్థికి అర్థం కానిది మాట కాదు, విషయం. చక్రవడ్డీ ఎలా పనిచేస్తుందో ఏ భాషలోనూ తెలియని మనిషికి ‘కాంపౌండ్ ఇంట్రెస్ట్’ అన్న మాటను ఇంగ్లీషు నిర్వచనంతో నేర్పడం వృథా ప్రయాస. విషయం కొత్తదైతే ముందు మాతృభాషలో, అంకెలతో చెప్పండి. తరువాత ఇంగ్లీషు మాటను దానికి తగిలించండి. 1,000 అప్పుకు ఏడాదికి 10 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ అయితే మొత్తం 1,200 అవుతుంది, ఏటా కలిపే చక్రవడ్డీ అయితే 1,210 అవుతుంది. రెండో ఏడు వడ్డీ మీద కూడా వడ్డీ పడింది కనుక ఆ 10 అదనం. బోర్డు మీద ఈ లెక్క వేసిన తరువాత ‘సింపుల్’, ‘కాంపౌండ్’ అన్న పేర్లు చెబితే క్షణంలో అతుక్కుంటాయి. తరగతిలో ఇంగ్లీషు తప్ప మరో భాష వినిపించకూడదనే నియమాన్ని పాటించే మిత్రులు నాకు ఉన్నారు, వారి నిబద్ధత మీద గౌరవం ఉంది. అయితే మనిషి సంతకం పెట్టబోయే అప్పు పత్రం విషయంలో ఆ నియమాన్ని పట్టుకు వేలాడడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

‘మినిమమ్ పేమెంట్ డ్యూ’ కూడా ఇలాంటిదే. మాటలు మూడూ తేలిక. కానీ ఆ కనీస మొత్తం కడితే ఆ నెలకు ఆలస్య రుసుము తప్పుతుందే తప్ప మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతూనే ఉంటుందన్న సంగతి ఆ మూడు మాటల్లో ఎక్కడా లేదు. ‘డ్యూ’ అంటే గడువుకు చెల్లించవలసినది, ‘ఓవర్‌డ్యూ’ అంటే గడువు దాటిపోయినది, ‘లేట్ ఫీ’ అంటే అందుకు పడేది అని వరుసగా చెప్పి, దాంతోపాటు ఈ సంగతినీ చెప్పండి.

అంకెల విషయానికి వస్తే, డబ్బు మాటల పాఠంలో వీటిని వేరుగా చూడడం పొరపాటు. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ల మధ్య తేడా ప్రధానంగా ఊనికలో ఉంది, ‘ఫిఫ్టీ’లో ఊనిక మొదటి భాగం మీద పడుతుంది, ‘ఫిఫ్టీన్’ను విడిగా పలికినప్పుడు చివరి భాగం మీద పడుతుంది. ఫోనులో ఈ తేడా సరిగా వినిపించదు కాబట్టి ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడదీసి మళ్లీ అడగడం నేర్పండి. అలా అడగడం ఇంగ్లీషువారే నిత్యం చేస్తారని చెబితే విద్యార్థులు సంకోచించరు. అంకె తరువాత ‘టూ మిలియన్’ అనాలి, ‘టూ మిలియన్స్’ అనకూడదు. లక్ష అంటే ‘హండ్రెడ్ థౌజండ్’, కోటి అంటే ‘టెన్ మిలియన్’. మనం 1,00,000 అని కామా పెట్టే చోట అంతర్జాతీయ పద్ధతిలో 100,000 అని పెడతారు. యూరప్‌లోని పలు భాషల్లో దశాంశానికి కామాను, వేలను విడదీయడానికి చుక్కను వాడతారు కాబట్టి అక్కడి విద్యార్థులకు 1,500 అంటే ఒకటిన్నరలా కనిపించవచ్చు. ‘బిలియన్’ను ఇప్పుడు ఇంగ్లీషులో వంద కోట్ల అర్థంలోనే వాడతారు. బ్రిటన్‌లో ఒకప్పుడు దానికి లక్ష కోట్లు అనే అర్థం ఉండేది, 1974 నుంచి అక్కడి ప్రభుత్వం కూడా వంద కోట్ల అర్థాన్నే అనుసరిస్తోంది. పాత పుస్తకాలు చదివే విద్యార్థులకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పనవసరం లేదు.

వార్తలు చదివే స్థాయికి వచ్చినవారికి మాత్రం ‘బై’, ‘టు’ల తేడా ఓపికగా నేర్పండి. ‘రోజ్ బై టూ పర్సెంట్’ అంటే రెండు శాతం మేర పెరిగింది, ‘రోజ్ టు టూ పర్సెంట్’ అంటే పెరిగి రెండు శాతానికి చేరింది. వడ్డీ రేటు 4 శాతం నుంచి 6 శాతానికి వెళితే ‘టూ పర్సెంటేజ్ పాయింట్స్’ పెరిగినట్టు, ఉన్న రేటుతో పోలిస్తే 50 శాతం పెరిగినట్టు. ఈ రెండింటినీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా తారుమారు చేస్తారు కాబట్టి విద్యార్థి తప్పు చేస్తే మందలించకండి.

ఉచ్చారణలో రెండు మాటలు ముందే సరిదిద్దండి. ‘డెట్’లో ‘బి’ అక్షరం, ‘రిసీట్’లో ‘పి’ అక్షరం రాతలో ఉన్నా పలకవు. లాటిన్ మూలాన్ని గుర్తు చేయాలని పండితులు తరువాతి కాలంలో చేర్చిన అక్షరాలివి. మిగిలిన మాటలను వాడుకలో సరిదిద్దితే చాలు.

పత్రాలు చదవడం అనేది పెద్దల తరగతికి ప్రాణం. పాఠ్యపుస్తకంలోని సంభాషణలు పూర్తయ్యే వరకూ ఆగకుండా, మొదటి నెలలోనే నిజమైన పత్రాల నమూనాలు తీసుకురండి: జీతం చీటీ, ఖాతా పత్రం, విద్యుత్ బిల్లు, అప్పు దరఖాస్తు. జీతం చీటీలో ‘గ్రాస్’, ‘డిడక్షన్స్’, ‘నెట్’ అనే మూడు మాటలు పట్టుబడితే మిగిలినది అంకెలే చెప్పేస్తాయి. కానీ పత్రాల్లో నిజంగా ముంచేది పెద్ద మాటలు కాదు, చిన్నవి. ‘అప్ టు’ అంటే అంతవరకూ ఉండవచ్చు, తక్కువే కావచ్చు. ‘ఫ్రమ్’ అంటే అక్కడి నుంచి మొదలు, ఎక్కువే కావచ్చు. ‘మే’ అంటే చేసే హక్కు వారికి ఉంది. ‘అన్‌లెస్’ వచ్చిందంటే మినహాయింపు ఉంది. ‘సబ్జెక్ట్ టు అప్రూవల్’ అంటే ఇంకా ఒప్పుకోలేదు. ప్రకటనలో ఉన్న సంఖ్యను చూసి ఆనందించే విద్యార్థిని, ఆ సంఖ్యకు ముందున్న చిన్న మాటను వేలితో చూపించమనండి. పొదుపు వడ్డీ ‘అప్ టు’తోనూ, అప్పు వడ్డీ ‘ఫ్రమ్’తోనూ ప్రకటించడం ఎందుకో వారినే ఆలోచించనివ్వండి. ఆ ఒక్క చర్చలో నేర్చుకునే ఇంగ్లీషు ఒక పూట పాఠానికి సమానం.

మోసపు సందేశాల భాషను కూడా ఈ పాఠంలో భాగం చేయండి. ‘యువర్ అకౌంట్ హాజ్ బీన్ సస్పెండెడ్’, ‘వెరిఫై ఇమ్మీడియట్‌లీ’, ‘క్లెయిమ్ యువర్ రిఫండ్’ వంటి వాక్యాలు కొత్తగా భాష నేర్చుకున్నవారిని భయపెట్టడానికి సరిగ్గా సరిపోతాయి. అర్థం తెలియని మాట కన్నా సగం అర్థమైన మాట ఇక్కడ ప్రమాదకరం. సందేశంలో తొందరపెట్టే మాటలు, బెదిరించే మాటలు, రహస్య సంఖ్యలు అడిగే మాటలు మూడు రంగులతో గుర్తించమనండి. దాంతోపాటు ‘ఐ విల్ కాల్ ద బ్యాంక్ మైసెల్ఫ్’ అనే వాక్యాన్ని నోటికి వచ్చేలా చేయించండి.

మరొక జాగ్రత్త ఉంది. విద్యార్థుల సొంత జీతాలు, అప్పులు తరగతిలో అడగకండి. ‘హౌ మచ్ డూ యూ ఎర్న్?’ అనే ప్రశ్నను జంటలుగా సాధన చేయించే ఉపాధ్యాయులను చూశాను. అప్పుల్లో ఉన్న మనిషికి, పని పోయిన మనిషికి ఆ పది నిమిషాలు నరకం, మరుసటి తరగతికి వారు రాకపోవచ్చు. నేను కల్పిత వ్యక్తుల వివరాలతో చీటీలు తయారుచేసి ఇస్తాను. ఒకరికి కొత్త ఉద్యోగం, ఒకరికి పాత అప్పు, ఒకరికి పిల్లల చదువు ఖర్చు. విద్యార్థి ఆ వ్యక్తిగా మాట్లాడతాడు. తన కష్టాన్ని ఆ పాత్ర పేరుతో చెప్పుకునే వెసులుబాటు కూడా అందులో ఉంది.

ప్రాంతీయ భేదాల గురించి ఎక్కువ బెంగ పడనక్కరలేదు. బ్రిటిష్ ‘కరెంట్ అకౌంట్’ను అమెరికాలో ‘చెకింగ్ అకౌంట్’ అంటారు. భోజనశాలలో ఇచ్చే ‘బిల్’ను అక్కడ ‘చెక్’ అంటారు, అక్కడ ‘బిల్’ అంటే కాగితపు నోటు కూడా. విద్యార్థి ఎక్కడ ఉండబోతున్నాడో అక్కడి మాట నేర్పి, రెండోది వింటే గుర్తుపట్టేలా చేస్తే సరిపోతుంది. బీమా, పెట్టుబడుల మాటలను అవసరమున్నవారికి మాత్రమే, క్రియలు బాగా స్థిరపడ్డాక నేర్పండి.

చివరిగా పరీక్ష గురించి అడిగారు. మాట ఇచ్చి అర్థం రాయమనే పరీక్షలో మీ విద్యార్థులు ఇప్పటికే నెగ్గారు, కాబట్టి అది దేనినీ కొలవడం లేదని తేలిపోయింది. దానికి బదులు వాక్యం ఇచ్చి, ఇద్దరు మనుషుల బొమ్మల మధ్య సొమ్ము వెళ్లే దిశకు బాణం గీయమనండి. ‘మై సిస్టర్ లెంట్ మీ ద డిపాజిట్’ అన్న వాక్యానికి బాణం ఎటు ఉండాలి, ఇప్పుడు బాకీ ఎవరిది అని అడగండి. తరువాత ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, ఎంత కట్టాలి, ఎవరికి, ఏ తేదీలోగా, కట్టకపోతే ఏమవుతుంది అనే నాలుగింటికి జవాబులు తెలుగులోనైనా సరే చెప్పమనండి. చదివి అర్థం చేసుకున్నారా అన్నది కొలుస్తున్నప్పుడు జవాబు ఏ భాషలో వచ్చిందన్నది అప్రస్తుతం. మాట్లాడే పరీక్షకు, తనకు తెలియని ఒక ‘చార్జ్’ ఖాతాలో పడిందని బ్యాంకుకు ఫోను చేసి అడిగే సన్నివేశం ఇవ్వండి. ఇవన్నీ పాఠం అయిన మరునాడు కాకుండా మూడు, నాలుగు వారాల తరువాత పెట్టండి, అప్పటికి నిలిచిన మాటలే నిజంగా వచ్చిన మాటలు. మార్కులు వేసేటప్పుడు వర్ణక్రమం తప్పినా దిశ సరిగ్గా ఉంటే ఎక్కువ మార్కులు ఇవ్వండి. వర్ణక్రమం సరిగ్గా ఉండి ఇచ్చినవారు, తీసుకున్నవారు తారుమారైతే ఆ జవాబుకు మార్కులు ఇవ్వకండి, ఆ విద్యార్థితో మళ్లీ ‘బారో’ వాక్యాల దగ్గర నుంచి మొదలుపెట్టండి.